తగ్గిన ఆయిల్ లెక్క

పస్రా దాటాక రోడ్డు పక్కన ఒక మోదుగు చెట్టు కింద బండి ఆపాను. పది నిమిషాలు ఆగి, ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, బయటికి తీస్తే దాని కొసకు కూడా ఆయిల్ అంటలేదు. గుండె ఝల్లుమంది.

ఆ రోజు 2024 ఫిబ్రవరి 23, శుక్రవారం. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు బంగారం సమర్పించి నేనూ నా భార్యా తిరిగి వస్తున్నాం. బంగారం అంటే బెల్లమే, మా దగ్గర అలాగే అంటాం. జనంలో, బస్సుల మధ్య, దుమ్ములో గంటల కొద్దీ ఫస్ట్ గేరు, సెకండ్ గేరులోనే బండి నడిపాను. తాడ్వాయి దాటి కాస్త వేగం అందుకున్నాక వెనక కూర్చున్న మా ఆవిడే ముందు గమనించింది. "ఇంతకుముందు లేని చప్పుడు వస్తంది, టకటకమని. జర ఆపు" అంది. నేను విననిది ఆమె విన్నది. ఆమె చెప్పకపోయి ఉంటే ఆ ఇంజిన్ ఆ రోజే పట్టేసేది.

అక్కడికి దగ్గర్లోనే ఒక కిరాణా కొట్టులో ఇంజిన్ ఆయిల్ డబ్బాలు కూడా అమ్ముతున్నారు. ఒకటి కొని, ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా చెట్టు కిందే కూర్చుని, కొంచెం కొంచెంగా పోస్తూ డిప్‌స్టిక్ మీద పై గీత దాకా తెచ్చాను. డబ్బాలో సగం కంటే ఎక్కువే పట్టింది. నలభై దాటకుండా నడిపి రాత్రికి వరంగల్ చేరాం.

బండి సంగతి చెప్పాలి. హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 2009 మోడల్, నంబరు ప్లేటు మీద ఇంకా పాత ఏపీ 36 ఉంటుంది. 97.2 సీసీ ఇంజిన్, కార్బొరేటర్ బండి. పరకాల దగ్గర ఊళ్లో మా మేనబావ వాడాడు. పొలానికి, పాలకేంద్రానికి, అప్పుడప్పుడు వెనక ఒక పత్తి బోరెం కట్టుకుని మిల్లుకు. 2023 దసరా తర్వాత 18,000 ఇచ్చి నేను తీసుకున్నాను. మీటరు 48,216 దగ్గర ఆగిపోయి ఉంది. కేబుల్ ఎప్పుడు తెగిందో బావకు గుర్తు లేదు. ఆ తర్వాత ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో ఎవరం చెప్పలేం. కొన్న వారంలోనే ఆ కేబుల్ మార్పించాను. అప్పటికి నేను చేసిన మంచి పని అదొక్కటే.

మేడారం నుంచి వచ్చిన మర్నాడు ఒక షాపుకు తీసుకెళ్లాను. ఆ మెకానిక్ సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి, రెండుసార్లు యాక్సిలరేటర్ తిప్పి, "ఆయిల్ తాగుతంది. రింగులు పోయినయ్. బోర్ చెయ్యాలె, పిస్టన్ మార్చాలె. ఏడున్నర వేలు పెట్టుకో" అన్నాడు. రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి, బోర్ అంటే పిస్టన్ ఆడే సిలిండర్‌ను లోపల చెక్కడం. మొత్తం చూడటానికి మూడు నిమిషాలు పట్టలేదు. ప్లగ్గు విప్పలేదు, బండి కిందికి వంగి చూడలేదు.

నేను వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక ఆడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాను. పదకొండేళ్లుగా అదే పని. రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడు, కాంటా మీద ఎంత తూగింది, ఏ ధర పలికింది, ఎంత చెల్లించాం, అన్నీ పొద్దుగూకేసరికి సరిపోవాలి. అయిదు కిలోల తేడా వస్తే అది గాలిలో కలిసిపోయిందని రాయలేం. ఎక్కడో ఉంటుంది, వెతకాలి. ఇంటికొచ్చాక అదే ఆలోచన. ఇంజిన్‌లో పోసిన ఆయిల్ ఎటు పోయింది? బోర్ చేయించడానికి నాకు అభ్యంతరం లేదు, అవసరమైతే అప్పు చేసైనా చేయిస్తాను. కానీ లెక్క తేలకుండా ఏడున్నర వేలు ఎలా రాయను?

మా వీధి చివర ఒక తాత ఉంటాడు. ఆజంజాహీ మిల్లులో ఫిట్టర్‌గా చేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. మూతపడి ఏళ్లు గడిచినా ఆయన మాటల్లో ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఏ యంత్రం గురించి అడిగినా మిల్లులో ఒక మగ్గంతోనో మోటారుతోనో పోల్చి చెబుతాడు. నేను సంగతంతా చెప్పాక ఆయన అన్నది ఇంతే: "ఆయిల్ కాలితే పొగ ఉంటది బిడ్డా, కారితే మరక ఉంటది. ఆ రెండూ చూడకుండ ఇంజిన్ మీద చెయ్యి వెయ్యొద్దు."

మార్చి 3, ఆదివారం, మార్కెట్‌కు సెలవు. ముందు పొగ చూశాం. మా బావమరిదిని ఇంకో బండి మీద నా వెనకే రమ్మని ఫాతిమానగర్ రైల్వే బ్రిడ్జి ఎక్కాను. ఎక్కేటప్పుడు బరువు పడుతుంది కాబట్టి రింగులు అరిగి ఉంటే అప్పుడు నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, కింద మళ్లీ ఒక్కసారి ఇవ్వాలి. వదిలినప్పుడు ఇంజిన్ గట్టిగా లోపలికి పీలుస్తుంది, వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే వాల్వు సీళ్లు పోయి ఉంటే వాటి సందుల్లోంచి ఆయిల్ దిగుతుంది, మళ్లీ ఇచ్చినప్పుడు గుప్పుమని పొగ వస్తుంది. మూడుసార్లు ఎక్కి దిగాను. బావమరిదికి ఎక్కేటప్పుడు ఏమీ కనబడలేదు. దిగాక ఒకసారి మాత్రం సన్నగా కనబడిందన్నాడు, అదీ ఖాయంగా చెప్పలేదు.

ఇంటికొచ్చి, ఇంజిన్ చల్లారాక, ప్లగ్గు విప్పాను. ప్లగ్గు మొన చూస్తే ఇంజిన్ లోపల సంగతి చాలా తెలుస్తుంది. ఆయిల్ కాలుతుంటే నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే పొడి మసి. గాలి ఎక్కువైతే తెల్లగా పాలిపోతుంది. నాది ఇటుక రంగుకూ చాయ్ రంగుకూ మధ్య, పొడిగా ఉంది. కిక్ కొడితే కాలికి గట్టిగానే తగులుతోంది. ఇంత ఆయిల్ తాగే ఇంజిన్ ప్లగ్గు ఇంత శుభ్రంగా ఉండదు.

అంటే కారుతోంది. మరి నేల మీద మరక ఎందుకు కనబడలేదు? మార్కెట్‌లో నేను బండి పెట్టే చోట వంద బండ్లు నిలబడతాయి, అక్కడి నేలంతా మరకలే. ఇంట్లోనేమో మట్టి వాకిలి, పడిన చుక్క పడ్డట్టే ఇంకిపోతుంది. ఆ రాత్రి పాత క్యాలెండర్ అట్టలు రెండు బండి కింద పరిచి, మెయిన్ స్టాండ్ వేసి పడుకున్నాను. పొద్దున చూస్తే రెండు చోట్ల చుక్కలు. ఒకటి సరిగ్గా ఇంజిన్ కింద, ఆయిల్ దించే బోల్టు దగ్గర. రెండోది ఎడమ పక్క, గేరు రాడ్డు వెనకాల. రెండో మరకే పెద్దది.

తాత సలహా మీద మరుసటి ఆదివారం ఇంజిన్ కింది భాగమంతా కిరోసిన్‌తో, బ్రష్‌తో కడిగాం. పదిహేనేళ్ల మట్టి, గ్రీజు కలిసి తారులా గట్టిపడి ఉంది. అదంతా వదలడానికే రెండు గంటలు పట్టింది. ఆరబెట్టాక ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, బండిని దేశాయిపేట రోడ్డులో ఒక చుట్టు తిప్పి తెచ్చాను. తెల్లటి పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అక్కడే లీకు. ఇంత సులువైన పరీక్షకు యంత్రాలేవీ అక్కర్లేదు. కడగకుండా మాత్రం ఎవరూ లీకు వెతకొద్దు. నడిచే బండి మీద గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, తడి ఒక చోట కనబడితే కారేది ఇంకో చోట ఉంటుంది.

తడి గీత ముందు చైన్ స్ప్రాకెట్ వెనక నుంచి వస్తోంది. దాని మీద కవర్ ఉంటుంది కదా, లోపల కారే ఆయిల్ చైన్ గ్రీజుతో కలిసిపోయి చైన్ కవర్ లోపలే తిరుగుతోంది. మా బావ మురిపెంగా "నా చైన్‌కు ఎప్పుడూ గ్రీజు తక్కువ కాలేదు" అనేవాడు. పాపం, ఆయనకూ తెలియదు.

స్ప్రాకెట్ తిరిగే షాఫ్టు ఇంజిన్ లోపలి నుంచి బయటికి వచ్చే చోట ఒక రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది. గేరు రాడ్డు షాఫ్టుకు ఇంకొకటి. ఈ సీళ్లు బయటి నుంచే మార్చుకోవచ్చు, ఇంజిన్ దింపక్కర్లేదు, విప్పక్కర్లేదు. గేరు రాడ్డు తీసి, కవర్ విప్పి, చైన్ లాక్ తీసి, స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే ప్లేటు బోల్టులు రెండు విప్పితే సీలు ఎదురుగా కనబడుతుంది. నా చేతికి వచ్చిన సీలు రబ్బరు కాదు, ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడి ఉంది. పెదవి భాగం పూర్తిగా అరిగిపోయింది. తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో షాఫ్టు మీద గీత పడనివ్వొద్దని తాత పదిసార్లు చెప్పాడు. గీత పడితే కొత్త సీలు వేసినా ఆ గీత వెంబడే కారుతుంది. అందుకని సీలు అంచులో చిన్న స్క్రూ ఒకటి ఎక్కించి, దాన్ని కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగాం. వచ్చేసింది.

పాత సీలు పారేయకుండా చౌరస్తా దగ్గర స్పేర్ పార్ట్స్ షాపుకు పట్టుకెళ్లండి. దాని మీద మూడు అంకెలు ఉంటాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. అవి కలిస్తే చాలు. రెండు సీళ్లకూ కలిపి 90 రూపాయలు తీసుకున్నాడు. కొత్తది ఎక్కించేటప్పుడు పెదవికి కొంచెం గ్రీజు రాసి, సరిగ్గా దాని సైజు ఉన్న సాకెట్‌ను మీద పెట్టి, చుట్టూ సమానంగా దిగేలా మెల్లగా తట్టాలి. ఒక పక్క ముందు దిగితే మెలిక పడుతుంది. చైన్ లాక్ పెట్టేటప్పుడు దాని మూసి ఉన్న వైపు చైన్ వెళ్లే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోయే ప్రమాదం ఉంది.

ఇక కింది బోల్టు. ఎవరో ఎప్పుడో పొడుగు పైపు వేసి బిగించినట్టున్నారు. వాచరు నలిగి పల్చటి రేకులా అయింది, దాని మీద ప్లంబర్లు కుళాయికి చుట్టే తెల్ల టేపు చుట్టి ఉంది. ఇంజిన్ ఛాంబర్ అల్యూమినియం, బోల్టు ఇనుము. బలం చూపిస్తే ఓడిపోయేది అల్యూమినియమే, థ్రెడ్ పోతే లేత్ షాపుకు వెళ్లి ఇన్సర్ట్ వేయించుకోవాలి. నా అదృష్టం, థ్రెడ్ ఇంకా బాగానే ఉంది. కొత్త బోల్టు, కొత్త వాచరు వేసి, పొట్టి 17 నంబరు రింగు పానాతో మణికట్టు బలంతోనే బిగించాను. ఈ బోల్టును మొదట నాలుగు చుట్లూ వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో తిరగకపోతే వంకరగా ఎక్కుతోందని అర్థం, వెంటనే ఆపెయ్యాలి. ప్లగ్గుకూ ఇదే వర్తిస్తుంది, అది ఎక్కే హెడ్, అంటే ఇంజిన్ పై భాగం, కూడా అల్యూమినియమే.

ఇక్కడితో లెక్క తేలిందనుకున్నాను. తాత ఒప్పుకోలేదు. "సీలు ముసలిదైంది సరే. రెండూ ఒక్కసారే ఎందుకు కారినయ్? లోపల గాలి ఆడుతుందా చూడు" అన్నాడు. పిస్టన్ కిందికి వచ్చినప్పుడల్లా ఇంజిన్ ఛాంబర్‌లో గాలి ఒత్తుకుంటుంది. అది బయటపడటానికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా వైపు ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. నా బండిలో ఆ గొట్టం మడతపడి, రెండు వైపులా అతుక్కుపోయి ఉంది. ఎప్పుడో డబ్బా విప్పి బిగించినప్పుడు సరిగా పెట్టలేదన్నమాట. దారి మూసుకుపోయిన గాలి సీళ్లను తోస్తూ వచ్చింది. మేడారం ట్రాఫిక్‌లో గాలి తగలక ఇంజిన్ బాగా కాగి, ఆయిల్ పల్చబడి, ఆ ఒత్తిడికి దారి దొరికిన చోటల్లా బయటికి వచ్చింది. ముప్పై రూపాయల గొట్టం అది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. బోర్ చేసి కొత్త పిస్టన్ వేసి ఇచ్చినా, ఆ గొట్టం అలాగే ఉంటే ఆయిల్ మళ్లీ కారేది. అప్పుడు ఇంకేం విప్పమనేవారో!

ఎయిర్ ఫిల్టర్ గురించి మార్కెట్‌లో పనిచేసేవాళ్లకు ఒక మాట. పత్తి సీజన్‌లో గాలిలో ఎగిరే నూగు ఫిల్టర్ డబ్బా మూతి దగ్గర పట్టుపురుగు గూడులా అల్లుకుంటుంది. ఇంజిన్ ఫిన్ల మధ్య కూడా చేరుతుంది, గాలికి చల్లబడే ఇంజిన్‌కు అది దుప్పటి కప్పినట్టే. అక్టోబర్ నుంచి జనవరి దాకా నేను వారానికోసారి తీసేస్తాను. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, ఆయిల్‌లో ముంచి పిండి పెట్టుకోవచ్చు. జిడ్డుగా ఉండే కాగితం ఫిల్టర్ అయితే కడగొద్దు, గాలి కొట్టొద్దు, మార్చడమే.

ఆయిల్ మార్చేటప్పుడు ఒక నిజం తెలిసింది. స్ప్లెండర్‌కు కార్లలో లాంటి కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు. కుడి పక్క క్లచ్ కవర్ లోపల, క్రాంక్ షాఫ్టు కొసన గుండ్రటి గిన్నె లాంటిది ఉంటుంది. క్రాంక్‌తో పాటు అదీ తిరుగుతుంది. తిరిగే వేగానికి ఆయిల్‌లోని బరువైన మడ్డి, లోహపు పొడి గోడకు కొట్టుకుని అక్కడే అతుక్కుంటాయి, శుభ్రమైన ఆయిల్ ముందుకు పోతుంది. ఎంత తెలివైన ఏర్పాటు! కానీ ఆ గిన్నెలోని మడ్డి ఎవరో ఒకరు తీయాలి. కింది బోల్టు విప్పి ఆయిల్ మారిస్తే అది బయటికి రాదు. నేను అడిగిన ఏ ఒక్కరూ తమ బండికి అది ఎప్పుడైనా విప్పించామని చెప్పలేదు.

మార్చి 17న విప్పాం. ఆయిల్ దించి, ఫుట్‌రెస్ట్ కడ్డీ, కిక్ రాడ్డు తీసి, క్లచ్ వైరు వదులు చేసి, కవర్ బోల్టులు విప్పాం. ఆ బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు. పొడుగుది పొట్టిదాని చోట పెడితే కేసు పగులుతుంది. అట్ట మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకున్నాను. గిన్నె మూతకు మూడు స్క్రూలు. అవి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు లొంగలేదు, తల చెడగొట్టేలా ఉన్నాను. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ తాత దగ్గర ఉంది, మిల్లు నాటిది. ఒక్కో స్క్రూకు ఒక్క దెబ్బ.

మూత తీస్తే లోపల గోడ చుట్టూ గోరు మందాన మడ్డి. కాటుకలా నల్లగా, మైనంలా గట్టిగా, వేళ్లతో రుద్దితే సన్నని మెరుపు. పదిహేనేళ్లు ఈ బండి మింగిన అరుగుదల అంతా అక్కడ దాచిపెట్టి ఉంది. దాన్ని వెదురు పుల్లతో గీకి, పెట్రోలుతో కడిగాను. గుడ్డతో తుడిస్తే పోగులు లోపల మిగులుతాయి, అందుకే బ్రష్ వాడాను. కింద ఉండే జాలీ కూడా బయటికి లాగి కడిగాను. జాలీలో ఎర్రటి రబ్బరు ముక్కల్లాంటివి చిక్కుకుని ఉన్నాయి. ఏమిటా అని చూస్తే గ్యాస్కెట్ పేస్టు. కవర్‌కూ కేసుకూ మధ్య పెట్టే ప్యాకింగ్ సరిగా కూర్చోలేదని ఎవరో పేస్టు దండిగా పూశారు. బయటికి ఉబికింది అందరికీ కనబడుతుంది, లోపలికి ఉబికింది తెగి ఆయిల్‌లో పడుతుంది. ఇంకొన్నాళ్లుంటే జాలీ మూసుకుపోయి హెడ్‌కు ఆయిల్ అందేది కాదు. పాత ప్యాకింగ్ గీకేటప్పుడు బ్లేడును పడుకోబెట్టి గీకాలి, అల్యూమినియం మీద గాటు పడితే అక్కడ మళ్లీ లీకు. కొత్త కాగితం ప్యాకింగ్ వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చాం. పేస్టు ముట్టుకోలేదు.

ఆయిల్ విషయం. ఈ ఇంజిన్‌లో గేర్లకు, క్లచ్‌కు, పిస్టన్‌కు అన్నింటికీ ఒకే ఆయిల్. క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి. కాబట్టి 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎమ్‌ఏ అని ఉన్నదే కొనాలి. కారు ఆయిల్ ఖరీదైనదని తెచ్చి పోస్తే అందులోని జారుడు గుణం వల్ల క్లచ్ జారుతుంది. డబ్బా మొత్తం ఒక్కసారి గుమ్మరించొద్దు. కొంచెం తక్కువ పోసి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి, మెయిన్ స్టాండ్ మీద నిటారుగా ఉండగా చూడాలి. స్ప్లెండర్‌లో డిప్‌స్టిక్‌ను మరలో తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పి బిగించి చూస్తే కొస లోతుగా దిగి ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. కొన్న కొత్తలో నేను చేసిన తప్పు అదే. మేడారం బయలుదేరేముందు కూడా అలాగే చూసి, ఆయిల్ ఉందనుకుని వెళ్లాను.

దించిన పాత ఆయిల్ మోరీలో పోయొద్దని మనసారా అడుగుతున్నాను. మా వీధి మోరీలు పోయి నాలాల్లో కలుస్తాయి, నాలాలు చెరువుల్లో కలుస్తాయి. నేను డబ్బాకు పట్టి పాత ఆయిల్ కొనే స్క్రాప్ మనిషికి ఇస్తాను. చేతులు కూడా సబ్బుతో బాగా కడుక్కోవాలి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు.

చివరికి మిగిలింది టాపెట్లు. మా ఆవిడ విన్న టకటక ఆయిల్ పోశాక తగ్గింది గాని పూర్తిగా పోలేదు. వాల్వును నొక్కే రాకర్‌కూ వాల్వు కొసకూ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఈ ఇంజిన్‌లో అది మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ. ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఫీలర్ గేజ్ రేకుతో చూసుకోవాలి. ఇంజిన్ వేడెక్కితే లోహం సాగి సందు మారుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చల్లగా అంటే ఎంత? హోండా లెక్క ప్రకారం 35 డిగ్రీల లోపు. వరంగల్‌లో మే నెలలో ఆ మాటకు ఒకటే అర్థం, తెల్లవారుజాము. మధ్యాహ్నం నీడలో పెట్టిన బండి కూడా 40 దాటి ఉంటుంది. మిర్చి సీజన్ అయిపోయి నాకు తీరిక దొరికింది మేలోనే. అందుకని 12వ తేదీ ఆదివారం పొద్దున అయిదింటికి, రాత్రంతా వాకిట్లో నిలబెట్టిన బండి దగ్గర కూర్చున్నాను.

ఎడమ పక్క కవర్ మీది గుండ్రటి మూతలు తీసి, క్రాంక్‌ను గడియారానికి ఎదురు దిక్కులో తిప్పుతూ, మాగ్నెట్ మీది టీ గుర్తు కేసు మీది గీతకు ఎదురుగా వచ్చేలా పెట్టాలి. అప్పుడు రాకర్లు రెండూ చేతికి కాస్త వదులుగా ఆడాలి. ఒకటి బిగుసుకుని ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి. అంతా అలాగే చేశాను. కానీ చప్పుడు అసలు ఉండొద్దనే ఆశతో రేకు గట్టిగా పట్టేదాకా బిగించేశాను. స్టార్ట్ చేస్తే బండి మెత్తగా, కొత్తదానిలా ఉంది. సంతోషంతో మా ఆవిడను పిలిచి వినిపించాను కూడా. తొమ్మిదింటికి హంటర్ రోడ్డులో సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయింది. ఎంత కొట్టినా స్టార్ట్ కాదు, కిక్ కాలికి తేలిగ్గా దిగిపోతోంది. అర్ధగంట తర్వాత అదే మళ్లీ స్టార్ట్ అయింది.

తాత వినగానే చెప్పాడు. సందు లేకుండా బిగిస్తే ఇంజిన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ అక్కడి నుంచే పోతుంది. అలాగే నడిపితే మండే గ్యాసు ఆ సన్నని సందులోంచి దూసుకుపోతూ వాల్వు అంచును కాల్చేస్తుంది. "కొంచెం చప్పుడు చేసే టాపెట్ నీకు కనబడే రోగం. చప్పుడు లేని టాపెట్ లోపల తినే రోగం" అన్నాడు. మర్నాడు మళ్లీ అయిదింటికే లేచాను. ఈసారి రేకు, రెండు కాగితాల మధ్యలోంచి లాగినట్టు, కొద్దిగా పట్టీ పట్టనట్టు కదిలేలా పెట్టాను. లాక్ నట్టు బిగించేటప్పుడు లోపలి స్క్రూ కూడా దానితో పాటు కొంచెం తిరుగుతుంది, అందుకని బిగించాక మళ్లీ కొలవాలి. మూడుసార్లు విప్పి బిగిస్తే గాని సరిగ్గా రాలేదు. ఇప్పుడు చల్లగా ఉన్నప్పుడు సన్నగా టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుడు అంటే నాకు ఇష్టం.

కొన్న రోజు నుంచి ఈ బండికి నా దగ్గర ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉంది. మార్చి మొదట్లో కావాలనే ఏమీ విప్పకముందు ఒకసారి కొలిచి రాశాను. పై గీత నుంచి కింది గీతకు రావడానికి 180 కిలోమీటర్లు. అన్నీ సరిచేశాక, జూన్ నుంచి ఆగస్టు దాకా 1,000 కిలోమీటర్లు తిరిగినా మట్టం గీతల మధ్య సగం దాకా కూడా దిగలేదు. సీళ్లు, గొట్టం, బోల్టు, వాచరు, ప్యాకింగ్, ఆయిల్, ఫీలర్ గేజ్, కిరోసిన్ అన్నీ కలిపి 1,140 రూపాయలు. తాత ఏమీ తీసుకోలేదు. చపాటా మిర్చి కిలో ఇస్తే మాత్రం వద్దనలేదు.

పదిహేనేళ్లు నిండటంతో ఆ ఏడాదే ఆర్‌సీ ఇంకో అయిదేళ్లకు రెన్యువల్ కూడా చేయించాను. బావకు చెబితే నమ్మలేదు. పరకాల నుంచి వచ్చి, బండి పక్కన గొంతుకూర్చుని, స్ప్రాకెట్ కవర్ కింద వేలు పెట్టి చూసుకున్నాడు. వేలికి దుమ్ము అంటింది.

ఒకటి ఇంకా మిగిలి ఉంది. చలికాలం పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒక్క క్షణం సన్నటి నీలం పొగ వస్తుంది, తర్వాత ఉండదు. బ్రిడ్జి దిగేటప్పుడు బావమరిదికి కనబడింది నిజమేనన్నమాట. అది వాల్వు సీళ్లది. దానికి హెడ్ దించాలి, వాల్వు స్ప్రింగులు నొక్కి తీయాలి, ఆ పనిముట్లు నా దగ్గర లేవు. వచ్చే పత్తి సీజన్ మొదలయ్యేలోపు, ముందు ప్లగ్గు విప్పి చూసే మెకానిక్ ఎవరైనా దొరికితే అతనికే ఇస్తాను. తాత కూడా వస్తానన్నాడు, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడట.